నేవీ ఆఫీసర్, క్రికెటర్, కామెంటేటర్: మూడూ కుదురుతాయా?

ప్రశ్న: మా అబ్బాయి ఇంటర్ సెకండియర్, ఎంపీసీ. జిల్లా అండర్-19కి ఆడుతున్నాడు. ఇంగ్లండ్ ఆటగాడు ట్రెవర్ బెయిలీలా ముందు నేవీ ఆఫీసర్, తర్వాత క్రికెటర్, ఆపై కామెంటేటర్ అవుతానంటున్నాడు. ఏం చేయమంటారు?
– ఒక తండ్రి, విశాఖపట్నం

జవాబు: బెయిలీది నేవీ కెరీర్ కాదండీ. రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటన్ నౌకాదళానికి చెందిన సైనిక విభాగం రాయల్ మెరైన్స్‌లో కొద్దికాలం ఆఫీసర్‌గా చేశారు. ఆయన బతుకంతా క్రికెట్టే. 1949-59 మధ్య 61 టెస్టులాడి 132 వికెట్లు తీశారు. 1953 లార్డ్స్ టెస్టు చివరి రోజు విల్లీ వాట్సన్‌తో నాలుగు గంటలకు పైగా క్రీజులో పాతుకుపోయి ఆస్ట్రేలియాకు గెలుపు దక్కనివ్వలేదు. 1974 నుంచి పాతికేళ్లు బీబీసీ రేడియోలో ఆయన మాటకు విలువ వచ్చింది ఆ ఆటవల్లే.

మీవాడు ఎన్డీఏకి (నేషనల్ డిఫెన్స్ అకాడమీ) వెళ్తే లెక్క వేరు. కోర్సు మొదలయ్యే నాటికి వయసు పదహారున్నర, పంతొమ్మిదిన్నర ఏళ్ల మధ్య ఉండాలి. రాతపరీక్షలో మ్యాథ్స్ 300, జనరల్ ఎబిలిటీ 600, ఆపై ఎస్ఎస్‌బీ (ఆఫీసర్ల ఎంపిక బోర్డు) ఇంటర్వ్యూ 900 మార్కులు. పుణె దగ్గరి ఖడక్‌వాస్లాలో మూడేళ్లు, తర్వాత కేరళలోని ఎజిమల నేవల్ అకాడమీలో శిక్షణ. ఆట పదునెక్కాల్సిన వయసు అక్కడే గడిచిపోతుంది. ఓడ ఎక్కాక నెలల తరబడి నెట్ ప్రాక్టీస్ ఉండదు. సర్వీసెస్ జట్టు రంజీ ఆడుతుంది, నిజమే. కానీ అందులో చోటుకు త్రివిధ దళాల వాళ్లూ పోటీపడతారు.

స్పోర్ట్స్ కోటాలో నేవీ ఎక్కువగా తీసుకునేది ఆఫీసర్లను కాదు, వాళ్ల కింద పనిచేసే సెయిలర్లనే. పాకిస్థాన్ ఓపెనర్ ఫఖర్ జమాన్ కూడా వాళ్ల నేవీలో సెయిలర్‌గా చేరి పైకొచ్చినవాడే. 2017 చాంపియన్స్ ట్రోఫీ ఫైనల్లో మనమీద 114 కొట్టాడు.

నా సలహా ఇది. ఆంధ్ర అండర్-19 జట్టుకు ఎంపికైతే ఎన్డీఏ వదిలేసి, డిగ్రీ చదువుతూ ఆడనివ్వండి. డిగ్రీ అయ్యాక షార్ట్ సర్వీస్ కమిషన్ (పరిమిత కాలం ఆఫీసర్ ఉద్యోగం) దారి ఉంటుంది. మొదట పదేళ్లు, కావాలంటే మరో నాలుగు. ఎంపిక కాకపోతే మాత్రం ఎన్డీఏకే గట్టిగా చదివించండి. రెండు పడవల మీద కాళ్లు పెడితే ఎస్ఎస్‌బీలోనూ, సెలక్షన్లలోనూ దెబ్బతింటాడు.

కామెంటరీని ఇప్పుడే మొదలుపెట్టొచ్చు. ప్రముఖ కామెంటేటర్ హర్షా భోగ్లే ఉస్మానియాలో కెమికల్ ఇంజనీరింగ్ చదివినవారు, టెస్టులు ఆడలేదు. టీవీ సౌండ్ ఆపి, పది ఓవర్లు తెలుగులో చెప్పి ఫోన్‌లో రికార్డు చేయమనండి. బౌలర్ పేరు, బంతి పడ్డ చోటు, షాట్, ఫీల్డర్, పరుగులు, స్కోరు వరసగా రావాలి. కొత్తవాళ్లు ఎక్కువగా స్కోరు చెప్పడమే మరిచిపోతారు. రేడియో వినేవాడికి ముందు కావలసింది అదే. ఉద్యోగంలో ఉండగా డబ్బు తీసుకుని కామెంటరీ చెప్పాలంటే నేవీ అనుమతి తప్పనిసరి.

ఏ దారి ఎంచుకున్నా ఈ నెలలోనే కంటి డాక్టర్‌తో కలర్ విజన్ పరీక్ష చేయించండి. రంగులు పోల్చలేకపోతే మెడికల్స్‌లో నేవీ తలుపు మూసుకుపోతుంది.