ప్రథమ మహిళా? ఆద్యురాలా?

సందేహం: అమెరికా పరుగుల క్రీడాకారిణి డోరిస్ బ్రౌన్ హెరిటేజ్ మీద మా బడి పత్రికకు వ్యాసం రాశాను. ‘మధ్యదూర, దేశాంతర పరుగుల ప్రథమ మహిళ’ అని శీర్షిక పెడితే సంపాదకులు కొట్టేశారు. తప్పేమిటి? ‘పరుగెత్తు’, ‘పరిగెత్తు’... ఏది ఒప్పు?

సమాధానం: బ్రౌన్ అనగానే మన నిఘంటువు దొర గురించేమో అనుకున్నాను! సంపాదకులు కొట్టేసింది సబబే. ‘అమెరికా ప్రథమ మహిళ’ అంటే తెలుగువాడికి అధ్యక్షుడి భార్య గుర్తొస్తుంది. ఈ రంగానికి బాట వేసిన మనిషి అని మీ ఉద్దేశమైతే ‘ఆద్యురాలు’ అనండి, ‘ఆద్యుడు’కు స్త్రీరూపం అది. దాని ముందు మళ్లీ ‘మహిళా’ తగిలించకండి. ‘-రాలు’లోనే ఆడతనం ఉంది. అయితే ఇంగ్లండులో 1927లోనే మహిళలకు జాతీయ క్రాస్ కంట్రీ (మీరు ‘దేశాంతర’ అన్న పరుగు) పోటీ జరిగింది కాబట్టి ‘ఆద్యుల్లో ఒకరు’ అంటే ఎవరికీ అన్యాయం జరగదు. ఇండోర్ (కప్పు కింద జరిగే) మైలు పరుగును అయిదు నిమిషాల లోపు ముగించిన తొలి మహిళ మాత్రం ఆమే (1966, 4 నిమిషాల 52 సెకన్లు). అక్కడ ‘తొలి మహిళ’ అని నిక్షేపంగా రాయండి. ‘ప్రథమ’కున్న చిక్కు ‘తొలి’కి లేదు.

‘దేశాంతరం’ అసలే కుదరదు. దేశాంతరం పోవడమంటే ఊరూ వాడా వదిలి పరాయి దేశం పట్టడం. ఆమె వేల్స్‌లోని బ్యారీకి వెళ్లి 1967లో అంతర్జాతీయ క్రాస్ కంట్రీ పోటీ గెలిచింది నిజమే, అది దేశాంతర ప్రయాణం, పరుగు కాదు. క్రాస్ కంట్రీలో ‘కంట్రీ’ అంటే దేశం కాదు, ఊరి బయటి నేల: బురద, గడ్డి, మిట్టపల్లాలు. దొంగ ‘పొలాలకు అడ్డంపడి’ పారిపోయాడంటాం చూశారూ, సరిగ్గా అదీ ఈ మాట. కానీ ‘పొలాలకు అడ్డంపడి వరుసగా అయిదేళ్లు గెలిచింది’ అని రాస్తే వెనక ఎవరో తరుముతున్నట్టుంటుంది. పోటీ పేరుగా క్రాస్ కంట్రీనే ఉంచి, వర్ణనలో అడ్డంపడండి.

‘మధ్యదూరం’ బాగానే ఉంది, కాకపోతే మీటర్లు చెప్పండి. 1968 మెక్సికో ఒలింపిక్స్‌లో ఆడవాళ్లకున్న అతి పెద్ద పరుగే 800 మీటర్లు. అందులో ఆమెది అయిదో స్థానం. 1500 మీటర్లు 1972లో గానీ రాలేదు. అంటే వాళ్లకప్పుడు ‘మధ్య’మే చివర!

ఇక పరుగు + ఎత్తు = పరుగెత్తు, ఉత్వసంధి. ‘పరిగెత్తు’ నోటివాడుక, అందరి నోటా ఉన్నదాన్ని తప్పనను. వ్యాసమంతా ఒకటే వాడండి, చాలు. తెలంగాణలో ‘ఉరికింది’ అంటారు. పాత తెలుగులో ఉరకడమంటే దూకడం కూడా. కాలవ అడ్డొస్తే దూకి, నేల దొరికితే పరుగు తీసే ఈ ఆటకు ఆ మాట రెండర్థాల్లోనూ సరిపోతుంది. మీది ఏ ప్రాంతమో రాయలేదు. తెలంగాణ అయితే మొహమాటపడకుండా ఉరికించండి.