పాఠకుల ప్రశ్నలు: జీన్ ఎడిటింగ్ పంది కోసం ఎదురుచూడాలా?

ప్రశ్న: మాది ఒడిశాలో గుణుపురం దగ్గర పల్లె. చాలా ఏళ్లుగా నాటు పందులు, కొన్ని సీమ సంకర పందులు పెంచుతున్నాం. ఒకప్పుడు ఈతకు ఎనిమిది తొమ్మిది పిల్లలు వచ్చేవి, ఇప్పుడు ఐదు దాటడం లేదు, అందులోనూ ఒకటి రెండు పాలు మానేలోపే పోతున్నాయి. సాంబ మసూరిలో జీన్ ఎడిటింగ్ (జన్యువులో కావాల్సిన చోట చిన్న మార్పు) చేసి కమల అనే వరి తెచ్చారని చదివాను. అమెరికాలో జబ్బు రాని పంది కూడా వచ్చిందట. అది మాకు ఎప్పుడు దొరుకుతుంది? పందుల్ని చంపే ఆఫ్రికన్ స్వైన్ ఫీవర్ అనే వైరస్ జబ్బంటే చాలా టెన్షన్‌గా ఉంది. మగపందిని మాత్రం ఎప్పుడూ మా మందలోంచే ఉంచుకుంటాం, బయట కొనం.
(పేరు రాయవద్దన్న పాఠకుడు, రాయగడ జిల్లా)

జవాబు: అన్నిటికన్నా ముందు పట్టించుకోవాల్సింది మీరు చివర్లో రాసిన మాటే. మగపందిని మందలోంచే ఉంచుకుంటున్నారంటే తండ్రితో కూతుళ్లనీ, అన్నతో చెల్లెళ్లనీ దాటిస్తున్నట్టే. కొన్ని తరాలు ఇలా నడిస్తే ఈతకు పిల్లలు తగ్గిపోతాయి, పుట్టినవి నీరసంగా ఉంటాయి, ఎదుగుదల మందగిస్తుంది. టానిక్‌లతో ఇది బాగుపడదు, మగపందిని మార్చాల్సిందే. అయితే పిల్లలు పోవడానికి జబ్బులు కూడా కారణం కావచ్చు కాబట్టి, ఈసారి చనిపోయిన పిల్లను పారేయకుండా బ్లాక్ పశువైద్యశాలలో చూపించండి, క్లాసికల్ స్వైన్ ఫీవర్ (ఇది ఆఫ్రికన్‌ది కాదు, వేరే వైరస్ జబ్బు) టీకా వేయించారో లేదో కూడా చూసుకోండి.

ఇక అమెరికా పంది. 2025 ఏప్రిల్ చివర్లో దానికి అక్కడి ఆహార, మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అనుమతి ఇచ్చింది. అది తట్టుకునేది పీఆర్‌ఆర్‌ఎస్ అనే ఒక్క వైరస్ జబ్బునే. చూడి పందులు ఈసుకుపోవడం (నెలలు నిండకుండానే పిల్లలు పడిపోవడం), పిల్లలకు ఊపిరి అందకపోవడం ఆ జబ్బు లక్షణాలు. ఆ వైరస్ పంది కణంలోకి దూరాలంటే సీడీ163 అనే ప్రొటీన్‌ను పట్టుకోవాలి. శాస్త్రవేత్తలు ఆ జన్యువులో చిన్న ముక్క తీసేశారు, దాంతో వైరస్‌కు పట్టు దొరకదు. బయటి జన్యువేదీ చేర్చలేదు. కానీ తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, రెండు కాపీల్లోనూ ఆ మార్పు ఉంటేనే పూర్తి రక్షణ వస్తుంది. రేపు ఎవరైనా అలాంటి మగపందిని తెచ్చి మీ నాటు పందులతో దాటించినా, పిల్లలకు వచ్చేది ఒక్క కాపీయే, కాబట్టి ఆ రక్షణ రాదు.

పైగా మీ భయం ఆఫ్రికన్ స్వైన్ ఫీవర్ గురించి. దానికి ఈ ఎడిటింగ్ పనికిరాదు. సీడీ163 తీసేసిన పందులకు ఆ వైరస్ ఎక్కించి చూస్తే మామూలు పందుల్లాగే జబ్బు పడ్డాయి. ఆఫ్రికా అడవి పందులు ఆ వైరస్ సోకినా తట్టుకుంటాయి కదా అని వాటిలో ఉన్న తేడాను ఎడిన్‌బరోలోని రోస్లిన్ పరిశోధన సంస్థవాళ్లు పెంపుడు పందుల్లో రెలా అనే జన్యువులో తెచ్చి చూశారు. జబ్బు కాస్త ఆలస్యమైంది తప్ప ఆగలేదు. 2020లో అస్సాం, అరుణాచల్‌లలో మొదట బయటపడిన ఈ జబ్బుకు మన రైతుల చేతికి ఇంకా టీకా రాలేదు. కాబట్టి హోటల్ ఎంగిలి తెచ్చి పెడుతుంటే అరగంట బాగా మరగబెట్టి పెట్టండి, సంతలో కొన్న పందిని తిన్నగా మందలో కలపొద్దు.

మీరు కొనే కొత్త మగపందికీ ఇదే వర్తిస్తుంది: నెల రోజులు విడిగా కట్టేసి, వేరే తొట్టిలో మేపి చూడండి. ఎలాంటిది కొనాలంటే, మీ ఎండలకు నల్ల చర్మం మేలు, తెల్ల సీమ పందికి వేసవిలో చర్మం కమిలిపోతుంది. రాంచీలో టామ్‌వర్త్ అనే సీమ జాతిని దేశవాళీతో కలిపి చేసిన ఝార్‌సుక్ పంది నల్లటిదే. తిరుపతిలో లార్జ్ వైట్ యార్క్‌షైర్ అనే తెల్ల సీమ జాతితో చేసిన టీ-17 పంది బాగా ఎదుగుతుంది, కానీ దానికి నీడ, నీళ్లు చూడాలి.

ఆడపందుల్ని ఏరేటప్పుడు పిల్లను వెల్లకిలా పట్టుకుని చన్నులు లెక్కపెట్టండి. కనీసం పన్నెండు ఉండాలి, రెండు వరసలూ సమంగా ఉండాలి, లోపలికి ముడుచుకున్నవి ఉంటే ఆ పిల్లను మాంసానికే ఉంచండి. దాన్ని కన్న తల్లి ఎన్ని పిల్లల్ని పాలు మానేదాకా బతికించిందో అదే అసలు లెక్క, దానికి నోటుబుక్ కావాలి: దాటించిన తేదీ, ఏ మగపంది, ఎన్ని పుట్టాయి, ఎన్ని మిగిలాయి. దాటించిన 114 రోజులకు ఈనుతుంది కాబట్టి తేదీ ఉంటే ఆ రాత్రి కాపలా కూడా ఉండగలరు. ఈతకు పిల్లల సంఖ్యలో వారసత్వం వాటా సుమారు పదో వంతే, అందుకే ఒక్క ఈత చూసి తీర్పు చెప్పకూడదు. ఎదుగుదలలో ఆ వాటా ఎక్కువ, ఫలితం త్వరగా కనిపిస్తుంది.

ఒక్కటే గుణం వెంట పడొద్దని కూడా చెప్పాలి. యూరప్‌లో కొవ్వు లేని మాంసం కోసం పియట్రెన్ లాంటి పందుల్ని ఏరుతూ పోతే, లారీ ఎక్కించిన ఒత్తిడికే ప్రాణం వదిలే పందులు పెరిగాయి. 1991లో కారణమైన జన్యువు దొరికాక పరీక్షలు చేసి వాటిని ఏరేయగలిగారు.

ప్రశ్న: జీన్ ఎడిటింగ్ పంది మాంసం మన దగ్గర అమ్ముతున్నారా? (ఒక గృహిణి, బరంపురం)

జవాబు: లేదమ్మా. 2022లో కేంద్రం కొన్ని రకాల జీన్ ఎడిటింగ్‌కు నిబంధనలు సడలించింది మొక్కలకే, జంతువులకు కాదు. మీరు కొనే మాంసంలో చూడాల్సింది శుభ్రం, తాజాదనం. లోపలి దాకా బాగా ఉడికించండి, పందిమాంసం పచ్చి మీద తింటే బద్దెపురుగు ప్రమాదం ఉంటుంది.