సమాధానం: చెక్క వంతెనకు పైకప్పు ఎందుకు?

పాతకాలపు చెక్క వంతెనలకు పైకప్పు ఎందుకు వేసేవారని మీ పాప స్కూల్ ప్రాజెక్టు కోసం అడిగారు కదా, టెన్షన్ పడకండి. "వంతెన మీద మంచు పడకుండా కప్పు వేశారు" అని రాసింది కదా, అదొక్కటీ మార్చమనండి. అప్పట్లో చలికాలంలో గుర్రాలు లాగే, చక్రాల్లేని స్లెడ్జి బళ్లు జారేందుకు మంచు కావాలి. అందుకే బయటి మంచు తెచ్చి మరీ లోపల పరిచేవారు!

అసలు కారణం వాన. వంతెన బరువంతా మోసేది పక్కల ఉండే చెక్క చట్రం. అది తడిసి ఆరుతూ ఉంటే కొన్నేళ్లకే పుచ్చిపోతుంది. పైకప్పు, పక్క పలకలు దానికి గొడుగు లాంటివి. అవి పాడైతే మార్చడం తేలిక, చట్రం మార్చడం తేలిక కాదు.

ఉదాహరణకు కార్నిష్-విండ్సర్ వంతెన ఇవ్వండి. అమెరికాలోని న్యూహాంప్‌షైర్, వెర్మాంట్ రాష్ట్రాల మధ్య కనెక్టికట్ నది మీద 1866లో కట్టారు, పొడవు సుమారు 449 అడుగులు. గుర్రాలను పరిగెత్తించకుండా నెమ్మదిగా నడిపించకపోతే 2 డాలర్ల జరిమానా అని బోర్డు కూడా ఉంటుంది, పిల్లలకు భలే నచ్చుతుంది. టోల్ 1943 దాకా వసూలు చేశారు.

నిర్వహణ గురించి: కప్పు కారకుండా చూడాలి. చట్రం కొసలు రాతి గోడపై ఆనే చోట మట్టి, ఆకులు పేరుకుని తేమ పడతాయి. పుచ్చు ఎక్కువగా అక్కడే మొదలవుతుంది.