నాన్నగారు ఇంకా అనని మాట

ప్రశ్న: నాకు 27 ఏళ్లు. తార్నాకలో అమ్మానాన్నలతో ఉంటూ హైటెక్ సిటీలో ఉద్యోగం చేస్తున్నాను. రోజూ నేను వెళ్లే మెట్రోలోనే సికింద్రాబాద్ ఈస్ట్‌లో ఎక్కే ఒక క్రైస్తవ యువకుణ్ణి నాలుగేళ్లుగా ప్రేమిస్తున్నాను. అమ్మతో చెబితే, ‘నాన్న గుండె ఆగిపోతుంది, ఆ మాట ఎత్తకు’ అంది. ఇంతలో మా కులంలోనే మంచి సంబంధం వచ్చింది. పెళ్లిచూపులు అయ్యాయి. అబ్బాయి మర్యాదస్థుడు. శ్రావణంలో నిశ్చితార్థం అంటున్నారు. ప్రేమించిన వ్యక్తేమో గుట్టుగా పెళ్లి చేసుకుందాం, తర్వాత పెద్దవాళ్లే సర్దుకుంటారంటున్నాడు. ఎవరిని చేసుకోవాలి?

జవాబు: మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మీ నాన్నగారు వద్దన్నట్టు అందులో ఎక్కడా లేదమ్మా. వద్దన్నది అమ్మ, అదీ ఆయనను అడగకుండానే. ఆయన ఇంకా అనని మాటకు మీరిద్దరూ వణికిపోతున్నారు. ఆయన నిజంగానే కాదనవచ్చు, రోజుల తరబడి మాట్లాడకపోవచ్చు. అయినా ఆ మాట ఆయన నోటి నుంచే రావాలి. కూతురి పెళ్లికి బంగారం లెక్కలు వేసుకుంటున్న తండ్రికి కూతురి మనసు తెలియకుండా దాచడం ఆయనకు చేసే మేలు కాదు. నిజంగా గుండె జబ్బు ఉంటే ముందు ఆయనను చూసే డాక్టరును కలవండి. నాన్నగారు ఎవరి మాట మన్నిస్తారో ఆ బాబాయో మేనమామో పక్కన ఉండగా చెప్పండి.

ఇక పెళ్లిచూపులకు వచ్చిన అబ్బాయి. ఏ పాపమూ ఎరగకుండా ఈ చిక్కులోకి వచ్చిన మనిషి అతను. మనసులో ఇంకొకరిని పెట్టుకుని అతని పక్కన పీటల మీద కూర్చుంటే, అమ్మానాన్నల కోసం మీరు చేసిన త్యాగానికి మూల్యం అతను చెల్లిస్తాడు, ఎందుకు చెల్లిస్తున్నాడో తెలియకుండానే. ఈ విషయం నేను మెత్తగా చెప్పలేను. ప్రేమించిన వ్యక్తిని చేసుకున్నా, చేసుకోకపోయినా ఈ సంబంధం ఆపండి. పెళ్లిచూపుల తర్వాత ఆగిపోయిన సంబంధాన్ని నలుగురూ నాలుగు రోజుల్లో మరిచిపోతారు. తాంబూలాలు పుచ్చుకున్నాక ఆగితే రెండిళ్లూ తలదించుకోవాలి.

మీరు ప్రేమించిన వ్యక్తి గురించి కూడా నాకు ఒక సందేహం ఉంది. తార్నాకకు సికింద్రాబాద్ ఈస్ట్ రెండు స్టేషన్ల దూరం. ఈ నాలుగేళ్లలో వాళ్లమ్మగారు మిమ్మల్ని ఒక్కసారైనా చూశారా? మతం మారమంటారా, చర్చిలోనే పెళ్లి జరగాలంటారా, రేపు పిల్లల్ని ఎలా పెంచుతారు? ఇవన్నీ ఎప్పుడైనా మాట్లాడుకున్నారా? మీ ఇంట్లో మాటలు పడడానికి మిమ్మల్ని సిద్ధం చేస్తున్న మనిషి తన ఇంట్లో నోరు విప్పాడో లేదో మీరు తెలుసుకోవాలి.

గుట్టుగా పెళ్లి అన్న ఆలోచన కూడా అంత తేలిక కాదు. ఎవరూ మతం మారకుండా చేసుకోవాలంటే 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం ఉంది. మీలో ఒకరు కనీసం 30 రోజులుగా ఉంటున్న జిల్లాలో వివాహ అధికారికి నోటీసు ఇవ్వాలి. దాన్ని కార్యాలయంలో అందరికీ కనిపించేలా పెడతారు. 30 రోజుల్లో చట్టం ఒప్పుకునే అభ్యంతరం ఏదీ రాకపోతే, ముగ్గురు సాక్షుల ఎదుట పెళ్లి జరుగుతుంది. తల్లిదండ్రుల అయిష్టం అలాంటి అభ్యంతరం కాదు. ఇద్దరు మేజర్లు ఇష్టపడి చేసుకునే పెళ్లికి కుటుంబం అనుమతి అవసరం లేదని సుప్రీంకోర్టు 2018లో స్పష్టంగా చెప్పింది. కాబట్టి అతను కంగారు పెడుతున్నాడని పరుగెత్తకండి, ఆ హక్కు ఎక్కడికీ పోదు. ఒకవేళ ఇంట్లో ఫోను లాక్కుని గదికి తాళం వేసేదాకా వస్తే అది నేరం. మహిళల సహాయ నంబరు 181 ఇప్పుడే గుర్తుపెట్టుకోండి, ఒక స్నేహితురాలికి కూడా చెప్పి ఉంచండి.

ఈ ఆదివారం వాళ్లింటికి తీసుకువెళ్లమని అతన్ని అడగండి. అతను ఏమన్నా సరే, ఆ వారంలోనే నాన్నగారితో మాట్లాడండి. ‘నాన్నా, ఈ పెళ్లి నాకు ఇష్టం లేదు, చెప్పడానికి భయపడ్డాను’ అని మొదలుపెట్టండి, మిగతాది ఆయన అడుగుతారు. అమ్మకు మాత్రం ముందురోజు రాత్రే చెప్పండి. ఇన్నాళ్లుగా ఆయన పక్కనే ఉంటూ ఈ సంగతి కడుపులో దాచుకున్నది ఆవిడే.