పాప బరువు కన్నా ముందు ఇంట్లో మాటలు తగ్గాలి

మీ లెటర్ చదివానమ్మా. పాపకి 16 ఏళ్లు, ఏడాదిలో లావైందని వాళ్ళ నాన్న, నానమ్మ రోజూ ఏదోకటి అంటున్నారు, ఇప్పుడు అందరితో కూర్చుని తినట్లేదు, ఫంక్షన్లకి రానంటోంది, రాత్రిళ్ళు దాక్కుని తింటోంది, బరువెలా తగ్గించాలి అని అడిగారు. నాకైతే బరువు కన్నా ఆ దాక్కుని తినడం దగ్గరే భయమేసింది.

దాని మంచికే కదా అంటున్నాం అని మీవాళ్ళు అంటారు, వాళ్ళకి ప్రేమ లేదని నేననను, కానీ మాటలంటే బరువు తగ్గదమ్మా. ఇంట్లో లావని ఎగతాళి పడ్డ పిల్లలే తిండి మానేసి, తర్వాత ఆగలేక ఒక్కసారిగా తినేసి, పెద్దయ్యాక ఇంకా బరువు పెరగడం ఎక్కువని పరిశోధనల్లో మళ్ళీ మళ్ళీ కనిపించింది. 2020లో చాలా దేశాల నిపుణులు కలిసి నేచర్ మెడిసిన్ జర్నల్‌లో గట్టిగానే రాశారు, బరువు మొత్తం మన చేతుల్లో ఉండదు, జన్యువులు, హార్మోన్లు, నిద్ర, కొన్ని మందులు అన్నీ కలుస్తాయి, లావున్నవాళ్ళు బద్ధకస్తులు అనుకోవడం తప్పు అని.

బీఎంఐ, అంటే ఎత్తుకి తగ్గ బరువుందా అని చూసే లెక్క, 26 వచ్చిందని కంగారు పడ్డారు. ఆ లెక్క 1830ల్లో క్వెట్‌లే అనే బెల్జియం గణితవేత్త జనం సగటు చూడ్డానికి వేసింది, అందులో కండెంత కొవ్వెంత అనేది తెలీదు. పైగా ఈ వయసు పిల్లల్ని పెద్దల కటాఫ్‌తో చూడకూడదు, వయసుని బట్టి, ఆడా మగా బట్టి వేరే చార్ట్ ఉంటుంది, ఎదిగే ఆడపిల్లకి కొంత కొవ్వు చేరడం మామూలే.

అసలు విషయం మీరు ఒక్క లైన్లో రాసి వదిలేశారు, పీరియడ్స్ సరిగా రావట్లేదని. డాక్టర్‌కి చూపించండి, థైరాయిడ్, పీసీఓఎస్ (హార్మోన్ల తేడాతో అండాశయాలకి వచ్చే సమస్య) ఉన్నాయేమో చూస్తారు. బరువు తగ్గించడానికి అని తీసుకెళ్ళకండి, పీరియడ్స్ గురించి అని తీసుకెళ్ళండి, అది నిజమే కదా. అక్కడ కూడా డాక్టర్ లావు గురించే క్లాస్ పీకితే మీరు కల్పించుకుని టెస్టుల సంగతి చెప్పండి అనండి. దాక్కుని తినేది వారానికోసారైనా జరుగుతుంటే, లేదా తిన్నాక వాంతి చేసుకుంటోందని అనుమానమొస్తే సైకాలజిస్ట్ దగ్గరికి వెంటనే వెళ్ళాలి, తిట్టి మాన్పించేది కాదది.

నానమ్మకి మీరు చెప్తే గొడవవుతుందన్నారు, అయితే పాప నాన్నగారే చెప్పాలి, ముందు ఆయన మానేసి. మీరు కూడా అద్దం ముందు నా పొట్ట చూడు అని తిట్టుకుంటారని రాశారు, పాప అదీ వింటోంది. తనతో మాత్రం ఇలా అనండి, "ఇన్నాళ్ళూ నీ ఒంటి గురించి అంటుంటే నేను అడ్డుపడలేదు, ఇకపై ఎవరు అన్నా ఊరుకోను." ఆరోజే బదులు చెప్తుందని ఆశించకండి.