బెదిరే కాకటీల్‌కు ఎలాంటి ప్రయాణపు పెట్టె?

ప్రశ్న: డాక్టర్ గారికి నమస్కారం. మా ఇంట్లో రెండేళ్ల కాకటీల్ ఉంది. మావారికి హైదరాబాదు బదిలీ కావడంతో రెండు నెలల్లో కారులో ఇల్లు మారుతున్నాం. ఈ పక్షి మొదటి నుంచీ పిరికిది. కుక్కర్ కూత వేసినా, రాత్రి గోడ మీద బల్లి పరుగెత్తినా పంజరంలో రెక్కలు కొట్టుకుంటూ గిరగిరా తిరుగుతుంది. పోయినసారి చిన్న తీగల పంజరంలో ఆసుపత్రికి తీసుకువెళితే దారిలో రెక్క ఈక విరిగి రక్తం కారింది. దుకాణంలో పారదర్శకమైన అక్రిలిక్ పెట్టె, వీపున తగిలించుకునే జాలీ బ్యాగు, పిల్లుల కోసం అమ్మే ప్లాస్టిక్ క్యారియర్ చూపించారు. వీటిలో ఏది కొనమంటారు? దారిలో నిద్రపోయేలా మందు ఏదైనా ఇవ్వవచ్చా?
— ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: మూడింటిలో పిల్లుల కోసం అమ్మే గట్టి ప్లాస్టిక్ క్యారియర్‌నే కొనండి. దుకాణదారు దాన్ని చివర చూపించి ఉంటారు, ఎందుకంటే చూడడానికి అది అన్నిటికన్నా అనాకారిగా ఉంటుంది. అయితే పెట్టెలోని పక్షి మనకు ఎంత బాగా కనిపిస్తోందన్నది ఇక్కడ లెక్కలోకి రాదు, లోపలున్న పక్షికి బయట ఏమేమి కనిపిస్తున్నాయన్నదే చూసుకోవాలి. కాకటీల్ ఆస్ట్రేలియా మైదానాల్లో గుంపులుగా గింజలు ఏరుకుంటూ డేగల నుంచి తప్పించుకు బతికే పక్షి. దాని కళ్లు తలకు రెండు పక్కలా ఉండడం వల్ల చుట్టూ కదిలే ప్రతిదీ ఒకేసారి కంటపడుతుంది. కారు కిటికీ పక్కనుంచి దూసుకుపోయే లారీ దానికి మీదికి వస్తున్న శత్రువుతో సమానం. అందుచేత మూడు వైపులా, పైనా మూసి ఉండి, ముందు తలుపు ఒక్కటే తెరిపిగా ఉన్న పెట్టె దానికి ధైర్యాన్నిస్తుంది.

అక్రిలిక్ పెట్టె ధైర్యంగల పక్షికి పనికిరావచ్చు గాని మీ పక్షికి వద్దు. నాలుగు వైపుల నుంచీ ప్రపంచం మీద పడుతున్నట్టు ఉండడమే కాక, ఎండ తగిలితే అది త్వరగా లోపల వేడెక్కుతుంది, గాలి రంధ్రాలు తక్కువగా ఉన్నవైతే మరీ ప్రమాదం. జాలీ బ్యాగును కాకటీల్ ముక్కుతో కొరికి చింపగలదు, పైగా మెత్తటి గోడలు కుదుపులకు లోపలికి వంగి పక్షికి తగులుతుంటాయి. తీగల పంజరం సంగతి మీకే అనుభవమైంది. కొత్తగా మొలుస్తున్న ఈక కాడలో రక్తం ప్రవహిస్తుంటుంది కనుక అది తీగల మధ్య చిక్కుకుని విరిగితే చూస్తుండగానే రెక్క ఎర్రబడుతుంది. ఇకముందు అలా జరిగితే విరిగిన చోట కాస్త కార్న్‌ఫ్లోర్ అద్ది, శుభ్రమైన గుడ్డతో కొద్ది నిమిషాలు మెల్లగా అదిమిపట్టి, రక్తం ఆగకపోతే వెంటనే వైద్యుని దగ్గరకు తీసుకువెళ్లండి. అప్పుడు గాని, పెట్టెలో పెట్టేటప్పుడు గాని పక్షి ఛాతీని గట్టిగా పట్టుకోకూడదు. పక్షులకు మనలాగా ఛాతీకీ పొట్టకూ మధ్య ఊపిరి ఆడించే కండరపు పొర (ఉదరవితానం) ఉండదు, రొమ్ముటెముక ముందుకూ వెనక్కూ కదిలితేనే ఊపిరి ఆడుతుంది కాబట్టి, బిగించి పట్టిన చెయ్యే దాని ప్రాణం మీదికి తెస్తుంది.

ఇక కొలతలు. పాపం ఇరుకుగా ఉంటుందేమోనని పెద్దది కొనడం ప్రేమకొద్దీ చాలామంది చేసే పని. బెదిరిన పక్షికి ఖాళీ ఎక్కువ దొరికితే అది వేగం పుంజుకుని గోడకు కొట్టుకుంటుంది. కాకటీల్ తల నుంచి తోక చివర వరకు సుమారు 30 నుంచి 33 సెంటీమీటర్లు ఉంటుంది, అందులో దాదాపు సగం తోకే. కర్ర మీద కూర్చున్నప్పుడు తల కప్పుకు తగలకుండా, తోక అడుగుకు ఆని వంగిపోకుండా, పక్షి అటూ ఇటూ తిరగగలిగితే చాలు. ఈ పెట్టెల్లో సాధారణంగా కర్ర ఉండదు, మీరే అమర్చుకోవాలి. వేప లేదా జామ కొమ్మను, మందులు చల్లని చెట్టు నుంచి, ఒకటిన్నర నుంచి రెండు సెంటీమీటర్ల మందంలో కోసుకుని, కడిగి ఆరబెట్టి, పక్క గోడలకు రంధ్రాలు వేసి బయటి నుంచి మరలతో బిగించండి. తోకకు చోటు మిగిల్చి కర్రను వీలైనంత కిందుగా పెడితే, సడన్ బ్రేక్ పడి పక్షి జారినా దెబ్బ తగలదు. ఊయల, గంట, అద్దం వంటి వేలాడే వస్తువులేవీ లోపల ఉంచవద్దు.

కొనేటప్పుడు తలుపు ఊచలను శ్రద్ధగా చూడండి. పిల్లుల పెట్టెల్లో ఊచల మధ్య సందు ఎక్కువగా ఉంటుంది, కాకటీల్‌కు అది ఒకటిన్నర సెంటీమీటర్లకు మించితే తల ఇరుక్కునే అవకాశం ఉంది. అలాంటప్పుడు లోపలి వైపు స్టెయిన్‌లెస్ స్టీలు జాలీ బిగించాలి. జింకు పూత ఉన్న మామూలు జాలీ వాడితే, కొరికినప్పుడు ఆ జింకు కడుపులోకి పోయి విషమవుతుంది. అడుగున వార్తాపత్రిక, దానిపై పలుచని నూలుగుడ్డ పరచండి. టర్కీ తువ్వాలు పోగుల్లో గోళ్లు చిక్కుకుంటాయి.

మీ చేతిలో రెండు నెలలు ఉన్నాయి కాబట్టి పెట్టెను ఈ వారమే కొనండి. బెదిరే పక్షి విషయంలో మంచి పెట్టె సగం పనే చేస్తుంది, మిగతా సగం ఆ పెట్టెను ఎంత ముందుగా ఇంటికి తెచ్చారన్నదాని మీద ఉంటుంది. ఈ రకం క్యారియర్‌కు పై సగాన్ని విడదీయవచ్చు, నేను దీన్నే ఎంచుకోమనడానికి అది మరో కారణం. మొదట అడుగు భాగాన్ని మాత్రమే పంజరానికి కాస్త దూరంలో ఉంచి, అందులో కొర్ర కంకి పెట్టండి. పక్షి తనంతట తాను దిగి, తురాయిని నిటారుగా బిగించకుండా తీరిగ్గా గింజలు తినడం మొదలయ్యాకే పైభాగం తగిలించండి, ఆ తర్వాత తలుపు, ఆ తర్వాత తలుపు మూసి ఒక నిమిషం. ఏ మెట్టు దగ్గర బెదిరినా అంతకుముందు మెట్టుకు వెనక్కి రావాలే తప్ప తొందరపెట్టకూడదు. ఆపైన పెట్టెను ఒక గది నుంచి మరో గదికి మోయడం, ఇంజను ఆపిన కారులో కూర్చోబెట్టడం, ఇంజను వేసి కూర్చోబెట్టడం, వీధి చివరిదాకా వెళ్లిరావడం వరుసగా అలవాటు చేయండి. నిద్రమందు ఆలోచన మానుకోండి. మత్తులో ఉన్న పక్షి కర్రను పట్టుకోలేక పడుతుంది, సుమారు వంద గ్రాముల బరువుండే ప్రాణికి మోతాదు కాస్త ఎక్కువైతే ప్రాణాంతకం.

విజయవాడ నుంచి హైదరాబాదుకు దాదాపు 275 కిలోమీటర్లు, ఐదారు గంటల ప్రయాణం. తెల్లవారుజామున వెలుగు వస్తుండగా బయలుదేరండి. కాకటీల్‌లు చీకటిలో ఉలిక్కిపడడానికి పెట్టింది పేరు గనుక రాత్రి ప్రయాణం వద్దు, పెట్టెపై గుడ్డ కప్పినా ముందు భాగాన్ని కొంత తెరిచే ఉంచండి. పెట్టెను వెనుక సీటులో ఉంచి సీటుబెల్టును దాని ఒంటి చుట్టూ బిగించాలి. ఎయిర్‌బ్యాగు ఉన్న ముందు సీటూ వద్దు, డిక్కీ అసలే వద్దు. కారులోని సెంటు సీసాను ముందురోజే తీసేయండి, ఆ ఘాటు పక్షుల ఊపిరితిత్తులకు మంచిది కాదు. ఏసీ గాలి నేరుగా తగలకూడదు. గిన్నెలో నీళ్లు ఒలుకుతాయి కాబట్టి కొర్ర కంకితో పాటు కీరా ముక్కలు వేసి, సూర్యాపేటలో ఆగినప్పుడు కారు అద్దాలన్నీ మూసి ఉన్నాయని చూసుకున్నాకే తలుపు తెరిచి నీళ్లు అందించండి. టీ తాగడానికి అందరూ ఒకేసారి దిగి పక్షిని కారులో వదిలేయవద్దు. నోరు తెరిచి రొప్పుతూ రెక్కలు ఒంటికి దూరంగా పెట్టుకుంటే వేడి తట్టుకోలేకపోతోందని గ్రహించి చల్లదనం పెంచండి. చల్లబడ్డాక కూడా రొప్పు ఆగకపోయినా, ఈకలు ఉబ్బించుకుని అడుగున కూలబడినా వైద్యునికి చూపించవలసిందే.

ప్రశ్న: మా బడ్జీ చిలుకల జంటలో మగదానికి జబ్బు చేసింది. స్కూటరు మీద అరగంట దూరంలోని ఆసుపత్రికి అట్టపెట్టెలో తీసుకువెళ్లవచ్చా? రెండింటినీ కలిపే తీసుకువెళ్లాలా?
— ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం

జవాబు: అరగంటకు అట్టపెట్టె సరిపోతుంది. పక్కల్లో పెన్సిలు దూరేంత రంధ్రాలు చాలినన్ని చేసి, అడుగున కాగితం పరచి, వెనుక కూర్చున్నవారు ఒళ్లో పట్టుకోవాలి. హ్యాండిలుకు తగిలిస్తే కుదుపూ గాలీ రెండూ పక్షి మీదే పడతాయి. బడ్జీలు గంటలోపే అట్టను కొరికి దారి చేసుకోగలవు, కాబట్టి ఎక్కువ దూరానికి ఇది వద్దు. జబ్బు అంటుకునేదో కాదో తెలియనందున రెండింటినీ ఒకే పెట్టెలో ఉంచవద్దు. జత వైద్యానికి అవసరం కాకపోతే ఇంట్లోనే ఉండనివ్వండి.

ప్రశ్న: మేము పదేళ్లుగా పెంచుతున్న రామచిలుకను అమెరికాలో ఉన్న మా అబ్బాయి దగ్గరకు పంపాలి. విమానానికి ఎలాంటి పెట్టె కావాలి?
— ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: ఏ పెట్టె కొన్నా ఆ ప్రయాణం కుదరదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం మన రామచిలుకను ఇంట్లో పెంచుకోవడమే నేరం. అలాగని దాన్ని మేడ మీద నుంచి ఎగరేయవద్దు, పదేళ్లు మీ చేతి గింజలు తిన్న చిలుక బయట మేత వెతుక్కోలేదు, గద్దను చూసి తప్పించుకోవడమూ దానికి తెలియదు. మీ జిల్లా అటవీ శాఖ కార్యాలయానికి విషయం తెలిపి, వారు చెప్పిన చోటికి అప్పగించండి. ఆ ఒక్క ప్రయాణానికి పైన చెప్పిన మూసిన ప్లాస్టిక్ క్యారియర్‌ను అరువు తెచ్చుకున్నా సరిపోతుంది.