ప్రింటర్ కోసం ఫైర్‌వాల్ ఆపేశావని విన్నాను

చిన్నా,

నిన్న రాత్రి మీ నాన్న ఫోన్‌లో మాటల మధ్య చెప్పాడు. నీ కంప్యూటర్ నుంచి ప్రింట్ రావట్లేదని షాపు కుర్రాణ్ణి పిలిస్తే అతను ఫైర్‌వాల్ ఆపేశాడట, ప్రింట్ వచ్చిందట, ఇక దాన్ని అలాగే వదిలేశావట. ఫైర్‌వాల్ అంటే నెట్‌వర్క్ మీంచి నీ కంప్యూటర్‌లోకి దూరాలని చూసేవాటిని ఆపే కాపలా. దాన్ని ఆపేశావని విన్నప్పటి నుంచి నాకు మనసు మనసులో లేదు.

ముందు ఈ పని చేసి, తర్వాత మిగతాది చదువు. స్టార్ట్ నొక్కి విండోస్ సెక్యూరిటీ అని టైప్ చెయ్యి. అందులో ఫైర్‌వాల్ అండ్ నెట్‌వర్క్ ప్రొటెక్షన్ అని ఉంటుంది. లోపల డొమైన్, ప్రైవేట్, పబ్లిక్ అని మూడు పేర్లు కనిపిస్తాయి. మూడింటి కిందా ఫైర్‌వాల్ ఆన్ అని ఉండాలి. ఏది ఆఫ్‌లో ఉంటే దాన్ని ఆన్ చెయ్యి.

ఎందుకింత కంగారో చెప్తాను. 2003 ఆగస్టులో నేను కాలేజీ ల్యాబ్ చూసుకునేదాన్ని. 24 కంప్యూటర్లు, అన్నీ విండోస్ ఎక్స్‌పీ. ఎక్స్‌పీలో అప్పటికే ఫైర్‌వాల్ ఉంది కానీ మనం వెతుక్కుని ఆన్ చేసుకోవాలి. బయటి లైను దగ్గర ఒక ఫైర్‌వాల్ ఉంది కదా, అది చాలని ఊరుకున్నాం. ఒకరోజు ఒక లెక్చరర్ ఏవో ఫైళ్ళు కాపీ చేసుకోవడానికి ఇంట్లో వాడుకునే సీపీయూ తెచ్చి ల్యాబ్ స్విచ్‌కి తగిలించారు. పావుగంట గడిచిందో లేదో, మూల కంప్యూటర్ స్క్రీన్ మీద ఒక చిన్న పెట్టె వచ్చింది. కంప్యూటర్ ఆగిపోతోంది, పని సేవ్ చేసుకోండి, 60 సెకన్లు. 59, 58 అంటూ అంకెలు తగ్గిపోతున్నాయి. అక్కడ ప్రాజెక్టు రిపోర్టు టైప్ చేస్తున్న ఎంసీఏ అమ్మాయి మంచినీళ్ళకని బయటికెళ్ళింది. తిరిగొచ్చేసరికి స్క్రీన్ నల్లగా ఉంది. పొద్దుటి నుంచి కొట్టిన పేజీలన్నీ పోయాయి. ఆ పిల్ల కుర్చీలో కూలబడి ఏడ్చింది. చూస్తుండగానే పక్క కంప్యూటర్, ఆ పక్కది, అన్నిటిలోనూ అదే పెట్టె.

అది బ్లాస్టర్ అనే వార్మ్, అంటే ఒక కంప్యూటర్ నుంచి ఇంకోదానికి తనంతట తానే పాకే పురుగు లాంటి ప్రోగ్రామ్. ఎవరూ ఏ మెయిలూ తెరవలేదు, దేన్నీ క్లిక్ చెయ్యలేదు. పోర్టు అంటే నెట్‌వర్క్ నుంచి కంప్యూటర్‌లోకి వచ్చే తలుపు లాంటిది. 135వ పోర్టు తెరిచి ఉంటే చాలు, అదే లోపలికొచ్చేది. ఆ లోపాన్ని సరిచేసే ప్యాచ్ జులైలోనే వచ్చింది, మేమే వేసుకోలేదు. వేద్దామని నెట్‌కి తగిలిస్తే ప్యాచ్ దిగేలోపే మళ్ళీ 60 సెకన్ల పెట్టె. చివరికి కేబుళ్ళన్నీ పీకేసి, ఒక్కో కంప్యూటర్‌లో ముందు ఫైర్‌వాల్ ఆన్ చేసి, ఆ తర్వాతే ప్యాచ్ వేసుకుంటూ వచ్చాం. రాత్రి పదకొండైంది.

మరుసటి ఏడాది ఆగస్టులో ఎక్స్‌పీకి వచ్చిన సర్వీస్ ప్యాక్ 2 అనే పెద్ద అప్‌డేట్ నుంచి మైక్రోసాఫ్ట్ ఫైర్‌వాల్‌ని ముందే ఆన్ చేసి ఇవ్వడం మొదలుపెట్టింది. మీ షాపు కుర్రాడు ఒక్క క్లిక్‌తో ఆపేసింది దాన్నే. 2017 మేలో ఫైళ్ళకు తాళం వేసి డబ్బడిగే వన్నాక్రై అనే వార్మ్ వచ్చినప్పుడు ఆంధ్రప్రదేశ్ పోలీసుల కంప్యూటర్లు కూడా కొన్ని దాని బారిన పడ్డాయి. అది దూరింది 445వ పోర్టులోంచి. విండోస్‌లో ఫైళ్ళు, ప్రింటర్లు పంచుకునే దారి అది.

రౌటర్ ఉంది కదా అంటావేమో. రౌటర్ కాపాడేది బయటివాళ్ళ నుంచి. మీ ఫ్లాట్‌లో నలుగురిదీ ఒకటే వైఫై, శని ఆదివారాలు వచ్చే ఫ్రెండ్స్‌కీ అదే పాస్‌వర్డ్. వాళ్ళలో ఒకరి ల్యాప్‌టాప్‌లో పురుగు ఉంటే అది రౌటర్ లోపలి నుంచే నీ దగ్గరికొస్తుంది, మా ల్యాబ్‌లో ఆ సీపీయూ నుంచి వచ్చినట్టే. అందుకని వైఫై ప్రాపర్టీస్‌లోకి వెళ్ళి నీ నెట్‌వర్క్‌ని పబ్లిక్ అని పెట్టుకో. ఇంట్లో వాడేది కదా, ప్రైవేట్ అనే పెట్టాలని లేదు. లోపల ఉన్న ప్రతి పరికరాన్నీ నువ్వు నమ్మగలిగినప్పుడే ప్రైవేట్.

దీనివల్ల నీ పనేమీ ఆగదు. నువ్వు అడిగిన పేజీకి వచ్చే జవాబును ఫైర్‌వాల్ రానిస్తుంది, అడగకుండా వచ్చి తలుపు తట్టేదాన్ని ఆపుతుంది.

ఇక ప్రింటర్ సంగతి. యూఎస్‌బీ కేబుల్‌తో తగిలించిందైతే ఫైర్‌వాల్‌కీ దానికీ సంబంధమే లేదు, తప్పు ఇంకెక్కడో ఉంది. వైఫై ప్రింటరైతే, ప్రింట్ పంపేది నీ కంప్యూటరే కాబట్టి మామూలుగా ఫైర్‌వాల్ అడ్డురాదు. అడ్డొచ్చేది ప్రింటర్‌ని వెతికి కనిపెట్టే దగ్గర. కాబట్టి వెతికే పని లేకుండా చెయ్యి. ప్రింటర్ మెనూలోంచి నెట్‌వర్క్ వివరాల కాగితం తీస్తే మామూలుగా 192.168తో మొదలయ్యే ఐపీ అడ్రస్ ఉంటుంది, నెట్‌వర్క్‌లో ప్రింటర్ చిరునామా అది. ప్రింటర్స్ అండ్ స్కానర్స్‌లో మాన్యువల్‌గా యాడ్ చేస్తూ ఆ ఐపీ అడ్రస్ ఇవ్వు. రౌటర్‌లో ఆ అడ్రస్‌ని ప్రింటర్‌కే రిజర్వ్ చేస్తే రేపు మారిపోదు. స్కానింగ్ ఒక్కటీ పనిచెయ్యకపోతే, ఆ ఫైర్‌వాల్ పేజీలోనే ఉండే అలౌ యాన్ యాప్ అనే లిస్టులో ఆ స్కానర్ ప్రోగ్రామ్ ఒక్కదానికే టిక్ పెట్టు.

కొత్త గేమో ఇంకేదో మొదటిసారి తెరిచినప్పుడు అనుమతి ఇవ్వమంటూ ఒక పెట్టె వస్తుంది. చాలామంది చదవకుండానే అలౌ కొట్టేస్తారు. నువ్వు ఒక్క నిమిషం ఆగి, బయటివాళ్ళు ఈ ప్రోగ్రామ్ దగ్గరికి రావాల్సిన అవసరం ఉందా అని ఆలోచించు. తెలియకపోతే క్యాన్సిల్ చెయ్యి. అలా చేస్తే ఆ ప్రోగ్రామ్‌ని ఆపే రూల్ ఒకటి లోపల ఉండిపోతుంది. నెల తర్వాత అది పనిచెయ్యకపోతే మళ్ళీ ఆ లిస్టుకే వెళ్ళి టిక్ చూసుకో. ఇది తెలియకే జనం విసిగిపోయి మొత్తం ఫైర్‌వాల్ ఆపేస్తుంటారు. గందరగోళం మరీ ఎక్కువైతే రిస్టోర్ ఫైర్‌వాల్స్ టు డిఫాల్ట్ నొక్కు, అంతా మొదటికొస్తుంది.

దూరం నుంచి నీ కంప్యూటర్‌ని నడిపించే రిమోట్ డెస్క్‌టాప్ నీకు అక్కర్లేదు, ఆఫ్‌లోనే ఉంచు. ఎవరు చెప్పినా రౌటర్‌లో దాని దారి అయిన 3389 పోర్టు మాత్రం తెరవకు.

ఒక్క విషయంలో ఫైర్‌వాల్‌ని నమ్ముకోకు. బ్యాంకు నుంచి అంటూ ఎవరో ఫోన్ చేసి, స్క్రీన్ చూసే యాప్ వేసుకోమంటారు. నువ్వే వేసుకుని నువ్వే కోడ్ చెబితే ఆ కనెక్షన్ లోపలి నుంచి బయటికి వెళ్తుంది, ఫైర్‌వాల్ దాన్ని ఆపదు. ఫోన్ పెట్టేయడమే. డబ్బు పోయిందని తెలిస్తే ఆ క్షణమే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చెయ్యి. ఇది అమ్మకీ నాన్నకీ కూడా చెప్పు.

ఆదివారం మధ్యాహ్నం నేను ఖాళీగానే ఉంటాను. ప్రింటర్ పక్కన కూర్చుని, ఆ ఐపీ అడ్రస్ కాగితం చేతిలో పెట్టుకుని ఫోన్ చెయ్యి.

ఆశీస్సులతో,
మీ అత్త